లార్డ్ సిన్హా బిరుదు: తండ్రి పోయింది 1928లో, కొడుకు సభలో కూర్చుంది 1939లో. మధ్యలో ఏమైంది?

కలకత్తా_కాకినాడ | ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. కలకత్తాలో ఉద్యోగం చేసిన ఆరేళ్లూ రోజూ లార్డ్ సిన్హా రోడ్డు మీదుగా నడిచి వెళ్లేవాణ్ణి. ఒకచోట పోలీసుల స్పెషల్ బ్రాంచి ఆఫీసు, ఇంకోచోట ఆడపిల్లల కాలేజీ, గోడ వారగా మట్టి ముంతల్లో టీ పోసే ముసలాయన. ఆ టీ తాగుతూ రోడ్డు పేరు బోర్డు వంక చూసేవాణ్ణే గానీ, 'లార్డ్' పక్కన 'సిన్హా' ఎలా చేరిందని ఒక్కరోజూ అనుమానం రాలేదు. మనకు కాటన్ దొర, బ్రౌన్ దొర ఉన్నట్టు వాళ్లకు సిన్హా దొర ఉండి ఉంటాడులే అనుకున్నానేమో.

రిటైరయ్యాక తీరిగ్గా చదువుతుంటే ఇప్పుడు తెలిసింది. ఆయన సత్యేంద్ర ప్రసన్న సిన్హా అనే బెంగాలీ లాయరు. 1919లో ఇంగ్లండ్ రాజు ఆయనకు 'బేరన్ సిన్హా ఆఫ్ రాయ్‌పూర్' అని వంశపారంపర్య బిరుదు ఇచ్చాడు. ఒక భారతీయుడికి తరతరాలూ చెల్లే లార్డు పదవి ఇవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. 1928లో ఆయన పోయారు. పెద్దకొడుకు అరుణ్ కుమార్ ఆ వెంటనే రెండో లార్డుగా బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభలో, అంటే లార్డ్స్ సభలో కూర్చోవాలి కదా. కూర్చోనిచ్చింది 1939లో. పదకొండేళ్లు! అన్నదమ్ముల తగాదా అయ్యుంటుందనుకున్నా. కాదట. అమ్మానాన్నల పెళ్లి అసలు పెళ్లేనా అన్న దగ్గర బండి ఆగిపోయిందట. లోగుట్టు తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి.

బొబ్బట్టు | 9:20

రాయ్‌పూర్ అంటే ఛత్తీస్‌గఢ్ రాయ్‌పూరేనా? మా మేనత్త వాళ్లు అక్కడే ఉంటారు. లార్డుల సంగతి ఎప్పుడూ చెప్పలేదే!

కలకత్తా_కాకినాడ | 9:31

కాదు బాబూ. ఇది బీర్‌భూమ్ జిల్లాలో బోల్‌పూర్ దగ్గరి పల్లెటూరు. ఆ ఊరి సిన్హాలు జమీందార్లు. 1863లో రవీంద్రనాథ్ ఠాగూర్ తండ్రి దేవేంద్రనాథ్ రెండు ఏడాకుల చెట్లున్న బీడు భూమిని ఏడాదికి 5 రూపాయల శిస్తు మీద శాశ్వత కౌలుకి తీసుకున్నాడు. ఇచ్చింది రాయ్‌పూర్ సిన్హాల్లోని భువన్ మోహన్ సిన్హా. అక్కడే తర్వాత శాంతినికేతన్ వచ్చింది. మన లార్డుగారు పుట్టింది కూడా 1863లోనే.

నల్గొండ_నర్సన్న | 9:48

ఏమనుకోవద్దు గానీ, తెల్లోడు ఇచ్చిన బిరుదుకు ఇంత పెద్ద చర్చ అవసరమా? లాయిడ్ జార్జ్ ప్రధానిగా ఉన్నప్పుడు బిరుదులు సంతలో వంకాయల్లా అమ్ముకున్నారని అందరికీ తెలుసు. 1919 అంటే ఆయన కాలమే. ఈయన ఎంత పెట్టి కొన్నాడో!

ప్లీడరు_గుమాస్తా | 10:05

నర్సన్న గారూ, అమ్మకాల మాట నిజం. ఆ గొడవ ముదిరే 1925లో బిరుదుల అమ్మకాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. కానీ సిన్హాకు వచ్చిన దారి వేరు. నలభై ఏళ్లు రాజమండ్రిలో ప్లీడర్ల దగ్గర కాగితాలు మోసినవాణ్ణి, ఆ అలవాటు కొద్దీ కాస్త వివరంగా రాస్తా, ఓపిక పట్టండి.

1919లో ఆయన్ను ఇండియా వ్యవహారాల అండర్ సెక్రటరీగా, అంటే బ్రిటిష్ ప్రభుత్వంలో ఉపమంత్రిగా తీసుకున్నారు. అసలు మంత్రి మాంటేగు దిగువ సభ అయిన కామన్స్‌లో ఉన్నాడు. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల బిల్లు రాబోతోంది. లార్డ్స్ సభలో లేచి దాని తరఫున మాట్లాడే మనిషి కావాలి. ఆ సభలో లేచి మాట్లాడాలంటే లార్డు అయివుండాలి. ఇప్పట్లా 'బతికున్నంతకాలం లార్డు' అనే ఏర్పాటు అందరికీ లేదు. కొందరు జడ్జీలకు తప్ప మిగతావాళ్లకు అది 1958లో గానీ రాలేదు. కాబట్టి ఇస్తే వంశపారంపర్యంగానే ఇవ్వాలి. సభలో ఒక మనిషి అవసరం వచ్చి, ఒక వంశానికి బిరుదు పుట్టింది. ఆ బిల్లును లార్డ్స్‌లో నడిపించింది ఆయనే. ఆ చట్టం కిందే మన మద్రాసులో ద్వంద్వ పాలన వచ్చింది, పానగల్లు రాజా మంత్రివర్గం నడిపాడు.

ఇక మనిషి కూడా తక్కువవాడేం కాదు. లింకన్స్ ఇన్‌లో బారిస్టరీ, బెంగాల్‌కు మొదటి భారతీయ అడ్వొకేట్ జనరల్, 1909లో వైస్రాయ్ కౌన్సిల్లోకి తీసుకున్న మొదటి భారతీయుడు. అప్పటి రాజు ఏడో ఎడ్వర్డ్‌కు ఆ నియామకం బొత్తిగా ఇష్టం లేదు, అయినా వైస్రాయ్ మింటో, ఇండియా మంత్రి మోర్లే పట్టుబట్టి వేయించారు. 1915లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడు కూడా.

బొబ్బట్టు | 10:11

కాంగ్రెస్ అధ్యక్షుడు, మళ్లీ లార్డు! రెండు పడవల మీద కాళ్లు పెట్టి మునగకుండా నడిచాడన్నమాట.

నల్గొండ_నర్సన్న | 10:19

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ సంధి మీద మన తరఫున సంతకం పెట్టింది కూడా ఈయనే కదా. అందుకేనేమో నాకు ఈయనంటే ముందు నుంచీ చిరాకు.

ప్లీడరు_గుమాస్తా | 10:26

పారిస్ శాంతి సభకు ప్రతినిధిగా వెళ్లింది నిజమే. సంతకం మాత్రం మాంటేగు, బికనీర్ మహారాజా పెట్టారు. చిరాకు అలాగే ఉంచుకోండి, అభ్యంతరం లేదు. లెక్క సరిగ్గా ఉంటే చాలు.

చరిత్ర_టీచరమ్మ | 10:40

గుమాస్తా గారూ, అసలు ప్రశ్న పక్కకు పోతోంది. పెళ్లి సంగతి చెప్పండి.

ప్లీడరు_గుమాస్తా | 11:32

వస్తున్నానమ్మా. పిల్లలు టిఫిన్‌కు పిలిస్తే లేవాల్సి వచ్చింది.

ముందు ఒక ముక్క అర్థం చేసుకోవాలి. ఈ బిరుదు రాజుగారి నోటి మాట కాదు. పెద్ద ముద్ర వేసిన ఒక పత్రం ఉంటుంది, లెటర్స్ పేటెంట్ అంటారు. బిరుదు ఎవరికి, వాళ్ల తర్వాత ఎవరికి అన్నది అందులో రాసి ఉంటుంది. మామూలుగా రాసే మాట ఏమిటంటే 'ఆయన శరీరం నుంచి చట్టబద్ధంగా కలిగిన మగ సంతానం'. ఈ నాలుగైదు మాటల్లోనే కథంతా ఉంది. 'శరీరం నుంచి' అన్నారు గనుక దత్తపుత్రుడు రాడు. 'మగ' అన్నారు గనుక కూతురు రాదు. 'చట్టబద్ధంగా' అన్నారు గనుక తల్లిదండ్రుల పెళ్లి చట్టం ఒప్పుకునే పెళ్లి అయివుండాలి.

తండ్రి పోయాక కొడుకు తనంతట తాను సభకు వెళ్లి కూర్చోకూడదు. సభకు రమ్మని పిలుపు రావాలి, దాన్నే రిట్ అంటారు. ఆ పిలుపు కావాలంటే తాను వారసుడినని రుజువు చేసుకోవాలి. ఇంగ్లీషు కుటుంబాల్లో ఇది నల్లేరు మీద బండి. చర్చి రిజిస్టర్లో పెళ్లి నమోదు, పుట్టుక నమోదు చూపిస్తే పనైపోతుంది.

సత్యేంద్ర ప్రసన్న, గోబింద మోహినీల పెళ్లి 1880లో బెంగాల్లో హిందూ పద్ధతిలో జరిగింది. ఆయనకు అప్పటికి పదిహేడేళ్లు. రిజిస్టరు లేదు, అదొక చిక్కు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంగ్లీషు చట్టంలోనే ఉంది. 1866లో హైడ్ కేసని ఒకటి తేలింది. అమెరికాలో మార్మన్ మతాచారం ప్రకారం పెళ్లి చేసుకున్న ఒకాయన తర్వాత ఇంగ్లండ్‌లో విడాకులడిగాడు. ఒక మగవాడు, ఒక ఆడది, మరొకరికి చోటు లేకుండా బతికున్నంత కాలం కలిసుండేదే పెళ్లి, బహుభార్యాత్వానికి తావున్న ఆచారం ప్రకారం జరిగిన పెళ్లి మా చట్టం లెక్కలోకి రాదు అన్నాడు జడ్జి. ఒక్క భార్యే ఉన్నా సరే, రెండో భార్యను తెచ్చుకునే వీలు ఆ ఆచారంలో ఉంటే చాలు, అనుమానం మొదలైనట్టే. 1880 నాటి హిందూ ధర్మంలో మగవాడికి ఆ వీలుంది. సిన్హా ఆ వీలు ఎన్నడూ వాడుకోలేదు. అయినా వీలు ఉందన్నదే పేచీ!

స్లౌ_సుజాత | 11:50

ఒక్క నిమిషం గుమాస్తా గారూ. తప్పు చేయలేదు, చేసే వీలుంది కాబట్టి నీ పెళ్లి అనుమానం అంటారా? ఈ లెక్కన ఆ రోజుల్లో మన దేశంలో ఎవరి పెళ్లి నిలుస్తుంది?

ప్లీడరు_గుమాస్తా | 12:04

అదే కదమ్మా. మన మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్లి కుదరదని చట్టం వచ్చిందే 1949లో. దేశమంతటికీ వచ్చింది 1955లో. అంతకుముందు జరిగిన మన తాతముత్తాతల పెళ్లిళ్లన్నీ ఆ తూకంలో వేస్తే అనుమానపు పెళ్లిళ్లే. మా తాతగారికి మా మామ్మ ఒక్కతే, ఆవిడంటే ఆయనకు హడలు కూడా. హైడ్ కేసు తీర్పు చదివితే ఆ హడలు లెక్కలోకి రాదు.

చరిత్ర_టీచరమ్మ | 12:30

నేను మాత్రం గోబింద మోహిని గారి గురించే ఆలోచిస్తున్నాను. పెళ్లయిన మరుసటి ఏడే భర్త చదువుకని ఇంగ్లండ్ వెళ్లాడు, తిరిగొచ్చింది 1886లో. సముద్రం దాటితే కులం నుంచి వెలివేసే రోజులవి. అయిదేళ్లు ఎదురుచూసిన అమ్మాయి. యాభై ఏళ్లు దాటాక లండన్లో పెద్దలు కూర్చుని ఆవిడ మెడలో పడిన దండ పెళ్లి దండేనా అని విచారించారు. ఇంగ్లీషు పత్రికల్లో ఆవిడను 'లేడీ సిన్హా' అని రాస్తూనే ఉన్నారు మరి!

మన వైపు చూడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1881 డిసెంబర్లో, రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ పెళ్లి చెల్లుతుందని 1856 చట్టం చెబుతోంది, ఊరు మాత్రం అది పెళ్లే కాదంది. వెళ్లినవాళ్లకు వెలి. సిన్హాల విషయంలో తిరగబడింది. ఊరంతా పెళ్లి అంది, చట్టం నసిగింది. రెండుచోట్లా సంజాయిషీ ఆడదాని వైపు నుంచే అడిగారు.

ప్లీడరు_గుమాస్తా | 13:15

బాగా చెప్పారమ్మా. వీరేశలింగం గారి పేరు మీరు ఊరికే ఎత్తలేదనుకుంటాను, ఎందుకంటే ఈ కేసును గట్టెక్కించింది ఆయన కూడా నమ్మిన సంస్కరణ సమాజం, బ్రహ్మ సమాజమే.

విషయం హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కమిటీ ఫర్ ప్రివిలేజెస్ దగ్గరకు వెళ్లింది. బిరుదుల తగాదాలు తేల్చే పంచాయితీ అది. 1939లో లార్డ్ ఛాన్సలర్ మామ్ అభిప్రాయం చెప్పాడు. ఆయన పట్టుకున్న దారం ఏమిటంటే, పెళ్లి నాడు వాళ్లు మామూలు హిందువులే. కానీ ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ బ్రహ్మ సమాజంలో 'సాధారణ బ్రహ్మ సమాజం' అనే శాఖలో చేరారు. ఆ సమాజంలో ఒకరికి ఒకరే, రెండో పెళ్లి నిషిద్ధం. పెద్దకొడుకు అరుణ్ కుమార్ 1887లో పుట్టేనాటికే ఇది జరిగిపోయింది. అంటే, పిల్లవాడు పుట్టేనాటికి ఆ పెళ్లి ఒకే భార్య ఉండే పెళ్లిగా మారిపోయింది. ఇంకేం, చట్టబద్ధమైన కొడుకే. ఇచ్చేయండి రిట్ అన్నారు.

నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. నిజంగా ఇద్దరు ముగ్గురు భార్యలుంటే అప్పుడు చిక్కే అన్నాడాయన. ముందు పుట్టిన చిన్నభార్య కొడుకు వారసుడా, తర్వాత పుట్టిన పెద్దభార్య కొడుకా? పెద్దకొడుకు ఒక్కడికే పోయే బిరుదులో ఈ ప్రశ్నకు ఇంగ్లీషు చట్టంలో జవాబు లేదు. మన జమీందారీ కేసుల్లో ఉంది! పెద్దభార్య కొడుకు, చిన్నభార్య కొడుకు అన్న పేచీలు అప్పట్లో మన ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్లో ఇంగ్లీషు జడ్జీలే ఎన్నెన్ని తేల్చారో. మన ఊళ్ల విషయంలో అంత నేర్చిన పెద్దలు, తమ గడప దగ్గరికి వచ్చేసరికి తడబడ్డారు.

బొబ్బట్టు | 13:22

అంటే పెళ్లికి కూడా అప్‌డేట్ ఉంటుందా! మొదట పాత వెర్షన్, బ్రహ్మ సమాజంలో చేరగానే కొత్త వెర్షన్.

ప్లీడరు_గుమాస్తా | 13:29

నవ్వులాటకు అన్నా, నువ్వు చెప్పింది సరిగ్గా అదే బాబూ. పెళ్లి స్వభావం పెళ్లినాడే గడ్డకట్టుకుపోదు, తర్వాత మారొచ్చు అన్న సూత్రానికి ఈ కేసునే చూపిస్తారు. 1946లో ఇంకో కేసు వచ్చింది. 1928లో ఇండియాలో హిందూ పెళ్లి చేసుకున్న ఒకాయన, 1939లో లండన్లో ఒక ఇంగ్లీషామెను రిజిస్టరు పెళ్లి చేసుకున్నాడు. హిందూ పెళ్లిని మీరు పెళ్లిగా లెక్కపెట్టరు కదా అన్నది ధీమా కావచ్చు. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. మొదటిది పెళ్లే, కాబట్టి రెండోది చెల్లదంది. సిన్హా కేసు లా రిపోర్టుల్లో సరిగ్గా అచ్చయింది కూడా ఆ తీర్పుతో పాటే.

నల్గొండ_నర్సన్న | 14:02

సరే, ఇప్పుడు నాకూ ఆసక్తి పుట్టింది. మా నిజాం అంత ధనవంతుడికి లార్డు పదవి ఎందుకు ఇవ్వలేదు? సిన్హాకు ఇచ్చారు కదా.

ప్లీడరు_గుమాస్తా | 14:20

నిజాం పాలకుడు, వాళ్ల సభలో కూర్చోవాల్సిన పని లేదు. ఆయనకు 1918లో 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అని ఇచ్చారు. మిగతా సంస్థానాధీశులెవరికీ లేని మాట అది.

పోలికకు మాత్రం మంచి పేరే ఎత్తారు. ఉస్మాన్ అలీ ఖాన్ తన కొడుకును పక్కనపెట్టి మనవడు ముకర్రం జాను వారసుడిగా ప్రకటించాడు. 1967లో ఆయన పోయాక భారత ప్రభుత్వం మనవడినే గుర్తించింది. అదే 1967లో రెండో లార్డ్ సిన్హా కూడా పోయాడు. ఆయనకు కొడుకు మీద ఎంత కోపం ఉన్నా అలా పక్కన పెట్టే వీల్లేదు. పత్రంలో రాసిన వరసే వరస.

జమీందారీతోనూ ఇదే తేడా. పిఠాపురం కేసు 1899లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఆనవాయితీ అడ్డురాకపోతే విభజన లేని జమీందారీని రాజా తన ఇష్టం వచ్చినవాళ్లకు వీలునామా రాసేయొచ్చు అని తీర్పొచ్చింది. లార్డు బిరుదును వీలునామా రాయలేరు, తాకట్టు పెట్టలేరు, దత్తుడికి ఇవ్వలేరు. మన దగ్గర పిల్లల్లేని రాజా ఒక కుర్రాణ్ణి దత్తత తీసుకుంటే గద్దె నిలబడేది. వాళ్ల దగ్గర పిల్లల్లేకపోతే, పత్రంలో చెప్పిన మగ సంతతి ఇంకెక్కడా లేకపోతే, బిరుదు అంతటితో సరి. 'ఎక్స్‌టింక్ట్' అని రాసి మూసేస్తారు.

స్లౌ_సుజాత | 14:41

కూతుళ్లకు అసలే రాదా? మౌంట్‌బాటెన్ పోయాక ఆయన కూతురే కౌంటెస్ అయ్యిందని ఇక్కడ ఇంగ్లండ్‌లో చదివానే.

ప్లీడరు_గుమాస్తా | 14:50

అవునమ్మా, 1979లో. ఆయనకు కొడుకుల్లేరు, అందుకని పత్రంలోనే కూతుళ్లకు పోయేలా ముందే రాయించుకున్నాడు. రాసి ఉంటే వస్తుంది. సిన్హా పత్రంలో అలాంటి మాట లేదు.

కలకత్తా_కాకినాడ | 15:10

చాలా సంతోషం గుమాస్తా గారూ. రెండో లార్డు తర్వాత సంగతి నేను చూశాను, నాకు అర్థమైనంత వరకు రాస్తా, తప్పుంటే దిద్దండి. 1967లో అరుణ్ కుమార్ పోతే పెద్దకొడుకు సుధీంద్ర ప్రసన్న మూడో లార్డు. ఆయన 1989లో పోతే ఆయన కొడుకు సుశాంత ప్రసన్న నాలుగో లార్డు. ఆయన మూడేళ్లకే, 1992లో, నలభై నిండకుండా పోయారు. అప్పుడు బిరుదు ముందుకు కాకుండా వెనక్కి వెళ్లింది. అంటే మూడో లార్డు తమ్ముడు, నాలుగో ఆయనకు సొంత బాబాయ్, అనింద్య కుమార్ అయిదో లార్డు అయ్యారు. అన్న కొడుకు తర్వాత బాబాయ్‌కి వారసత్వం! మన ఇళ్లలో ఆస్తి ఇలా నడిస్తే పంచాయితీ ఊరంతా వినపడుతుంది.

ప్లీడరు_గుమాస్తా | 15:24

లెక్క సరిగ్గానే ఉంది. దీన్ని తాడులా అనుకోకండి, చెట్టులా అనుకోండి. ఒక కొమ్మ చివర ఎండితే కిందికి దిగి, దాని పక్క కొమ్మ చూస్తారు. బాబాయ్ 'అన్న కొడుక్కి వారసుడు' అన్న హోదాలో రావడం లేదు. మొదటి లార్డు మగ సంతతిలో ఇప్పుడు వరసలో ముందున్నది నేను అని వస్తున్నాడు. ఎప్పుడూ లెక్క మొదటి మనిషి నుంచే.

బొబ్బట్టు | 15:30

మరి ఇప్పుడు వాళ్లకేం వస్తుంది? కోట? పొలాలు? నెలకింత అని పింఛనా?

ప్లీడరు_గుమాస్తా | 15:41

ఏమీ రాదు. ఈ బిరుదు వెంట గజం భూమి కూడా పోదు. 1999లో అయిదో లార్డు పోయారు. అదే ఏడు చట్టం చేసి వంశపారంపర్య లార్డులను సభలోంచి పంపేశారు, 92 మందిని మాత్రం ఉంచి. ఆ మిగిలినవాళ్లను కూడా తీసేయడానికి 2024లో బిల్లు పెట్టారు. అరుణ్ కుమార్ పదకొండేళ్లు ఆగి సంపాదించిన కుర్చీ, ఆయన మనవళ్ల కాలానికి వచ్చేసరికి హక్కుగా రాకుండా పోయింది. ఇప్పుడు మిగిలింది పేరు ముందు ఒక మాట. దాన్ని అధికారికంగా వాడాలన్నా 2004 నుంచి అక్కడొక పీరేజ్ రోల్, అంటే లార్డుల జాబితా పెట్టారు, రుజువులు ఇచ్చి అందులో పేరెక్కించుకోవాలి.

నల్గొండ_నర్సన్న | 15:55

మన రాజ్యాంగం 18వ అధికరణ ఉంది కదా, భారత పౌరుడు విదేశాల నుంచి బిరుదు తీసుకోకూడదని. మరి ఇది?

ప్లీడరు_గుమాస్తా | 16:03

అందులో ఉన్నది 'స్వీకరించకూడదు' అని. పుట్టుకతో మీద పడ్డదాన్ని స్వీకరించడం అంటారా, అనరా? నన్నడిగితే అనరు, తండ్రి పోతే మీసం వచ్చినట్టు వచ్చేదానికి ఎవరేం చేస్తారు. మా పాత ప్లీడరు గారైతే ఇటూ అటూ కూడా గంట వాదించి రెండు వైపులా ఫీజు తీసుకునేవారు.

బొబ్బట్టు | 16:10

నాకో సులువైన మార్గం దొరికింది. స్కాట్లాండ్‌లో చదరపు అడుగు స్థలం కొంటే 'లార్డ్' సర్టిఫికెట్ ఫ్రేము కట్టి పంపిస్తారట. మా రూమ్మేట్ పుట్టినరోజుకు ఇద్దామనుకుంటున్నా.

స్లౌ_సుజాత | 16:18

ఇవ్వండి, నవ్వుకోవడానికి బాగుంటుంది. ఇక్కడ మా ఆఫీసులో ఒకాయనకు భార్య అదే కొనిచ్చింది, టీ కప్పు మీద కూడా లార్డ్ అని వేయించుకున్నాడు. ఆ ముక్క స్థలానికి రిజిస్ట్రేషన్ కూడా కాదు, బిరుదు మాట దేవుడెరుగు.

కలకత్తా_కాకినాడ | 17:02

రుజువుల మాట వచ్చింది కాబట్టి నా గోడు ఒకటి. నాన్నగారు పోయాక వారసత్వ సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను. పాస్‌పుస్తకంలో ఆయన పేరు 'సత్యన్నారాయణ', ఆధార్‌లో 'సత్యనారాయణ మూర్తి'. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. తెస్తే, అమ్మకూ నాన్నకూ పెళ్లయినట్టు కాగితం అడిగారు. 1958లో మా అమ్మమ్మ గారి ఇంటి పెరట్లో జరిగిన పెళ్లికి కాగితం ఎక్కడిది? ఆఖరికి పెళ్లికి వచ్చినవాళ్లలో బతికున్న ఇద్దరిని ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లా. ఒకాయనకు చెవుడు. 'పెళ్లి చూశారా' అని ఆ ఆఫీసు గుమాస్తా అడిగితే 'గారెలు బాగున్నాయి' అన్నాడు. ఆ ముక్కతో పనైపోయింది లెండి! అరుణ్ కుమార్ గారు లండన్లో ఎవరిని ఆటో ఎక్కించారో పాపం.

చరిత్ర_టీచరమ్మ | 17:15

గారెల సాక్ష్యం అద్భుతం. లార్డ్ ఛాన్సలర్ కూడా కాదనలేడు.

స్లౌ_సుజాత | 18:37

పొద్దున్నుంచీ మనసులో ఒకటే తిరుగుతోంది, రాసేస్తా. మా మామగారు 1960ల్లో ఇక్కడికి వచ్చారు. ఆయనకూ మా అత్తగారికీ 1947లో తెనాలి దగ్గర పెళ్లి. అంటే గుమాస్తా గారు చెప్పిన మద్రాసు చట్టానికి రెండేళ్లు ముందు. ఆ లెక్కన అదీ అనుమానపు పెళ్లేనా?

ప్లీడరు_గుమాస్తా | 18:52

మొదట అలాంటిదే, తర్వాత కాదు. సిన్హాల విషయంలో మతం మారితే పెళ్లి మారింది. మీ అత్తగారి విషయంలో చట్టం మారితే మారింది. 1968లో అక్కడి కోర్టు ఒక సిక్కు దంపతుల కేసులో ఇదే చెప్పింది. 1955 హిందూ వివాహ చట్టం వచ్చేసరికి వాళ్ల పాత పెళ్లి ఒకే భార్య ఉండే పెళ్లిగా మారిపోయిందంది. 1972లో ఇంగ్లండ్‌లో చట్టమే మార్చి పాత హైడ్ నియమం పట్టు సడలించారు. మీరు నిశ్చింతగా ఉండండమ్మా. ఉత్తపుణ్యానికి అడుగుతున్నా, పెళ్లి కాగితం ఏదైనా ఉందా?

స్లౌ_సుజాత | 19:30

అత్తగారి పెట్టెలో శుభలేఖ ఉంటే ఇప్పుడే తీసి చూశాను. పసుపు అంచు మీద నూనె మరక. మామగారి పేరు, చదువు, ఆయన నాన్నగారి పేరు, తాతగారి పేరు, ఊరు అన్నీ ఉన్నాయి. పెళ్లికూతురి దగ్గరికి వచ్చేసరికి 'మా ద్వితీయ పుత్రిక చి.ల.సౌ.' అని ఉంది, ఆ పక్కన మడత పడి చిరిగిపోయింది. అత్తగారి పేరున్న చోటే.

ప్లీడరు_గుమాస్తా | 19:41

లగ్నపత్రిక ఉందేమో చూడండి తల్లీ. అందులో ఇద్దరి పేర్లూ రాస్తారు. పెట్టె అడుగున, పట్టుచీర మడతల్లో వెతకండి.